తప్పిపోయిన పన్నెండువందల మీటర్లు

గానుగపెంట నుంచి ఉప్పురేవు వరకు పోయే రోడ్డు పొడవు అరవై ఒక్క కిలోమీటర్ల నాలుగువందల మీటర్లని మా డివిజన్ ఆఫీసు రిజిస్టరులో రాసి ఉంది. రాసి ఉంది కనుక ఆ రోడ్డును కొలవాలన్న ఆలోచన యాభై ఏళ్లుగా ఎవరికీ రాలేదు. ఆఫీసు పద్ధతిగా నడుస్తోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఈ కథలో వచ్చే మెమోలన్నీ నేను టైపు చేసినవే.

పోయినేడాది రాజధానిలోని పెద్దలకు, మనుషులకు ఉన్నట్టే రోడ్లకు కూడా గుర్తింపు కార్డులు ఉండాలని తోచింది. కార్డు మీద రోడ్డు పేరు, ఫొటో, పొడవు, ఇరవై మాటలకు మించకుండా దాని చరిత్ర ఉంటాయి. ఫొటో, కొలత ఉపగ్రహం చూసుకుంటుంది. చరిత్ర మేం చూసుకోవాలి. కార్డు లేని రోడ్డు మీద నడిచేవాళ్లను ఏం చేయాలో ఉత్తర్వులో రాయలేదు గానీ, దానికి వేరే ఉత్తర్వు వస్తుందని అందరం నమ్మకంగా ఎదురుచూశాం.

మే ఇరవై తొమ్మిదిన ఉపగ్రహం కొలతలు వచ్చాయి. మా రోడ్డు పొడవు అరవై కిలోమీటర్ల రెండువందల మీటర్లు. అంటే పన్నెండువందల మీటర్ల రోడ్డు కనబడటం లేదు.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరబ్రహ్మం గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. ఆయన కోపం వచ్చినా గ్రాంథికంలోనే మాట్లాడే మనిషి.

"ఎండకు రోడ్డు సాగవచ్చును. కుంచించుకొనిపోవుట అసంభవము. కావున ఇది అపహరణమైనా కావలెను, నిర్లక్ష్యమైనా కావలెను. సదరు రోడ్డు ఎవరి ఆధీనములో ఉన్నది?"

సదరు రోడ్డు మాలకొండయ్య ఆధీనంలో ఉంది.

మాలకొండయ్య రోడ్డు మేస్త్రి. పందొమ్మిదో ఏట గ్యాంగు కూలీగా చేరి, నలభై మూడేళ్లు ఆ రోడ్డు మీదే పనిచేశాడు. గుంతలు పూడ్చడం, అంచులు సరిచేయడం, పడిపోయిన చెట్లు తీయించడం ఆయన పని. ఏ మలుపు దగ్గర వాననీళ్లు నిలుస్తాయో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. సరిగ్గా రెండు రోజుల్లో, మే ముప్పై ఒకటిన, ఆయన రిటైరు కావాలి.

ఆ రోజు ఆఫీసు వరండాలో కుర్చీలు వేశాం. పూలదండ తెచ్చాం. బూందీ, కారప్పూస పొట్లాలు కట్టాం. దండ వేసే ముందు మేస్త్రి తన చార్జి కొత్త మేస్త్రికి అప్పగించాలి. కొత్త మేస్త్రి మస్తాన్‌వలి నెమ్మదస్తుడు, మాలకొండయ్యను సొంత అన్నలాగా చూసేవాడు. జాబితా చేతిలో పట్టుకుని గడ్డపారలు లెక్కపెట్టాడు, గంపలు లెక్కపెట్టాడు, తారు డబ్బాలు లెక్కపెట్టాడు. చివరి వరుస దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, పారలు సరిపోయినయ్. గంపలు సరిపోయినయ్. రోడ్డే సరిపోలా."

"ఏందిరా నువ్వనేది?" అన్నాడు మాలకొండయ్య.

"ఈడ అరవై ఒకటిన్నాలుగు అని ఉండాది. ఉపగ్రహం అరవయ్యే అంటంది. నేను సంతకం పెడితే ఆ తగ్గిందంతా నా మెడకు చుట్టుకుంటది. ఏమనుకోబాకన్నా."

ఏమనుకోవడానికీ లేదు. నిబంధన అలాగే ఉంది. చార్జి అప్పగించని ఉద్యోగిని విడుదల చేయకూడదు. అరవై రెండేళ్లు నిండిన ఉద్యోగిని పనిలో ఉంచకూడదు. పరబ్రహ్మం గారు కాసేపు కళ్లు మూసుకుని, మాలకొండయ్యను 'అప్పగింత పెండింగు' అనే స్థితిలో ఉంచుతూ నోటిమాటగా ఉత్తర్వు ఇచ్చారు. ఆ స్థితిలో ఉన్నవాడు రోజూ పనిలోకి రావాలి, పని మాత్రం చేయకూడదు. దండ వాడిపోతుందని దాన్ని పరబ్రహ్మం గారి మెడలోనే వేశాం. బూందీ అందరికీ పంచాం.

మర్నాడు నేను టైపు చేసిన మెమో ఇది: "మీ ఆధీనమందున్న రహదారిలో 1.200 కిలోమీటర్ల మేర లోపించినట్లు ఉపగ్రహము ద్వారా తేటతెల్లమైనది. సదరు రహదారిని మీరు ఏమి చేసితిరో, ఎవరికి ఇచ్చితిరో, ప్రస్తుతము అది ఎచ్చట ఉన్నదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

మాలకొండయ్య దాన్ని నాచేతే చదివించుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"నేను రోడ్డును దొంగిలించినానంటనా అయ్యా?"

"అలా అనలేదు. ఏమి చేసితిరో అన్నాం."

"రెండిటికీ తేడా ఏంది?"

ఆయన తలకు చుట్టిన పటకా విప్పి మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

సంగతి రోడ్డు పొడవునా పాకింది. దోసెల అంగట్లో ఆయన కూర్చుంటే "మాలకొండయ్యన్న కిలోమీటరు తిని అరిగించుకున్నాడంట" అని నవ్వారు. ఒకడు ఆయన చొక్కా జేబు తడిమి "ఈడ ఉండాదేమో చూస్తుండా" అన్నాడు. తమాషాకే అన్నా, నలభై మూడేళ్లలో ఒక్క గంప కంకర కూడా ఇంటికి తీసుకుపోని మనిషికి అది తమాషాగా లేదు. టీ తాగడానికి కూడా బయటికి రావడం మానేశాడు. బోరింగు దగ్గర తన భార్య వెంగమ్మను కూడా అడుగుతున్నారని తెలిశాక, మూడో రోజు సంజాయిషీ ఇవ్వడానికి తనే వచ్చాడు.

"సార్, కాయితం మీద చెప్పలేను. జీపెక్కితే చూపిస్తా" అన్నాడు.

గుర్తింపు కార్డుకు చరిత్ర కూడా కావాలి కాబట్టి పరబ్రహ్మం గారు ఒప్పుకున్నారు. ఇరవై మాటలు రాసుకోవడానికి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. మస్తాన్‌వలి కొలిచే గొలుసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

ఆ రోజు నేను విన్న చరిత్ర ఇరవై మాటల్లో పట్టదు. ఆ దారి మొదట ఉప్పుబండ్లది. ఉప్పురేవులో ఉప్పు ఎత్తుకుని మెట్ట ఊళ్లకు వచ్చే బండ్లు ఎద్దులకు ఎక్కడ మంచినీళ్లు దొరికితే అక్కడికి తిరిగాయి. అందుకే దారి పాములా మెలికలు తిరిగింది. తర్వాత ఒక కరువు సంవత్సరంలో దొరలు కూలి కింద జొన్నలు కొలిచి అదే మెలికల మీద కంకర పరిపించారు. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లు అదే కంకర మీద తారు పోశారు. ఎద్దు దాహంతో గీసిన గీతను రెండు ప్రభుత్వాలూ చెరపలేదు.

"మరి పన్నెండువందల మీటర్లను ఎవరు చెరిపినారు?" అన్నారు పరబ్రహ్మం గారు.

"చెప్తుండా సార్. ఇరవై రెండో రాయి దాటినాక ఆపమనండి."

ఇరవై రెండో కిలోమీటరు రాయి దాటాక మూడు వందల మీటర్లకు జీపు ఆగింది. మాలకొండయ్య దిగి ముందుకు చెయ్యి చూపించాడు. నిటారుగా సన్నటి రోడ్డు, దాని చివర కొంచెం ముందుకు ఇంకో రాయి. ఆ రాయి మీద ఇరవై నాలుగు అని ఉంది.

పదిహేనేళ్లుగా అటు తిరుగుతున్నాను, ఇరవై మూడో రాయి లేదని నేనెన్నడూ చూడలేదు. పరబ్రహ్మం గారు కూడా చూసినట్టు లేదు. ఆయన రాళ్లవైపు మార్చి మార్చి చూశారు.

"నడుమనున్న రాయి ఏమైనది?"

"రాయి ఆడనే ఉండాది సార్. రోడ్డే ఈడికి వచ్చింది." మాలకొండయ్య ఎడమవైపు తుమ్మతోపులోకి చెయ్యి చూపించాడు. "అసలు రోడ్డు ఇట్టా దొడ్డిచింతల ఊళ్లో నుంచి చుట్టు తిరిగి వచ్చేది. పదహారువందల మీటర్లు. ఆ ఊరి బాయి నీళ్లు తీపని బండ్లోళ్లు అటు తిరిగేవోళ్లు. నేను కూలికి చేరిన ఏడు వాగు పొంగి కట్ట కోసుకుపోయింది. అప్పుడు ఈ నిటారు ముక్క యేసినాం. నాలుగువందల మీటర్లు. పదహారులో నాలుగు పోతే పన్నెండు. అదే సార్ మీ ఉపగ్రహానికి దొరకంది."

లెక్క అంత సులువుగా తేలిపోవడం పరబ్రహ్మం గారికి నచ్చలేదు. కొలవమన్నారు. మస్తాన్‌వలి గొలుసు లాగాడు. నిటారు ముక్క సరిగ్గా నాలుగువందలు. తర్వాత తుమ్మముళ్లలో చొక్కాలు చింపుకుంటూ పాత మలుపు వెంబడి నడిచాం. ముళ్లపొదల కింద రాతి తూము ఒకటి చెక్కుచెదరకుండా ఉంది. అది దాటాక దొడ్డిచింతల వచ్చింది. ఊరి బావి పక్కన ఆడవాళ్లు తెల్లటి రాయి మీద బట్టలు ఉతుకుతున్నారు. అరిగిపోయిన ఆ రాయి మీద ఇరవై మూడు అంకె ఇంకా కనబడుతోంది.

"ప్రభుత్వ ఆస్తిపై వస్త్రప్రక్షాళనము!" అన్నారు పరబ్రహ్మం గారు.

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. సర్పంచి పేరమ్మ కొంగు బిగించుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. గొలుసును, రాయిని, మమ్మల్ని చూసి సంగతి గ్రహించింది.

"మా రోడ్డు కోసరం వచ్చినారా సారూ? నలభై మూడేళ్లకు?"

"మేము రికార్డు నిమిత్తము వచ్చితిమి" అన్నారు ఆయన.

"ఏ నిమిత్తమైతేనేం వచ్చినారు." ఆమె రాతి తూము వైపు చూసింది. "నేను ఈ ఊరికి కాపురానికి వచ్చింది బస్సులో. ఆ తూము మీదగానే వచ్చినా. వచ్చిన నెలకే వాన వచ్చింది, రోడ్డు పోయింది, బస్సు పోయింది. ఆ పిల్ల కాలుపెట్టంగానే ఊరికి బస్సు లేకుండా పోయిందన్నారు. మా అత్త సచ్చేదాకా అదే మాట. ఆరునెల్లకు రోడ్డేస్తామని చెప్పిన ఇంజనీరు మళ్లీ మొహం చూపియ్యలా. పురుడొస్తే మంచం మీద మోసుకుపోతం రోడ్డెక్కడానికి."

"ఆరు నెలలు అని ఎవరు చెప్పినారు?" పరబ్రహ్మం గారు ఒక్కసారి అటు తిరిగారు.

"ఆ ఇంజనీరే. కాయితం కూడా చదివినాడు."

ఆ కాగితం వెతికే పని నా మీద పడింది. రికార్డు గదిలో నాలుగు రోజులు దుమ్ము మింగాక దొరికింది. పైభాగం చెదలు తినేసినా ఆజ్ఞ భాగం మిగిలింది: "వరద కారణముగా దొడ్డిచింతల వద్ద రహదారి దెబ్బతినినందున, ఆరు మాసముల కాలమునకు తాత్కాలికముగా దారి మళ్లించుటకు అనుమతించడమైనది." ఆ తర్వాత పొడిగింపు లేదు, రద్దు లేదు, ఏమీ లేదు.

పరబ్రహ్మం గారు దాన్ని చదివి ఫైల్లో పెట్టారు. తర్వాత ఆయన అన్న మాట మా డివిజన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"రహదారి ఎచ్చటికీ పోలేదు. అది దొడ్డిచింతలలోనే ఉన్నది. నలువది రెండున్నర సంవత్సరములుగా ప్రజలే రహదారి కాని ప్రదేశము మీదుగా పోవుచున్నారు."

"అయితే సార్, మాలకొండయ్య తప్పు లేనట్టే గదా? రిజిస్టరులో పన్నెండువందలు తగ్గించి రాసేస్తే సరిపోతుంది" అన్నాను నేను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. రోడ్డు పొడవును పెంచడానికి డివిజన్ స్థాయిలో సంతకం చాలు. తగ్గించాలంటే ఏడు శాఖల నిరభ్యంతర పత్రాలు కావాలి, ఆ ఏడింటిలో ఒక శాఖను ప్రభుత్వం ఎప్పుడో ఎత్తేసింది. లేని శాఖ నుంచి అభ్యంతరం లేదని రాయించుకు రావడం ఎవరివల్లా కాదు. అందుచేత రిజిస్టరును రోడ్డుకు తగినట్టు దిద్దడం కంటే రోడ్డును రిజిస్టరుకు తగినట్టు దిద్దడమే సులువని తేలింది.

రెండో మెమో వెళ్లింది. దాని ప్రకారం మాలకొండయ్య తన ఆధీనంలోని అసలు రహదారి మీద పెరిగిన తుమ్మను తొలగించి, నడవడానికి వీలుగా చేసి, మస్తాన్‌వలికి అప్పగించాలి. పని చేయకూడదన్న ఆంక్షను ఈ ఒక్క పని మట్టుకు సడలించాం.

ఆయన ఆ మెమో విని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయ్యా, నిజంగానే వాళ్లకు రోడ్డేస్తారా? లేకుంటే ఇదీ కాయితమేనా?"

"ఈసారి కాగితం కోసమే వేస్తారు. కాబట్టి నిజంగానే వేస్తారు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని దొడ్డిచింతల వెళ్లాడు. ఒక్కడే మొదలుపెట్టాడు. గంట గడిచేసరికి పేరమ్మ కొడవలితో వచ్చింది. మధ్యాహ్నానికి ఊరంతా తుమ్మలో ఉంది. ముళ్లు దిగిన పాదాలతో, పుల్లలు పొయ్యిల్లోకి మోసుకుంటూ, ఎనిమిది రోజుల్లో పదహారువందల మీటర్లూ శుభ్రం చేశారు. పైన చెరువు కట్టాక వాగు ఎప్పుడో ఎండిపోయింది, కోసుకుపోయిన కట్ట దగ్గర మట్టి పోస్తే చాలింది. చట్టబద్ధమైన రహదారి మట్టిదారిగా ఉండటం శాఖకు అవమానమని పరబ్రహ్మం గారు అత్యవసర అనుమతితో కంకర, దాని మీద తారు వేయించారు. ఇరవై మూడో రాయిని కడిగి, సున్నం వేసి, మళ్లీ పాతారు. ఆడవాళ్లకు బట్టలు ఉతుక్కోవడానికి మాలకొండయ్య వేరే బండ చూసి పెట్టాడు.

బస్సుల వాళ్లకు ఉత్తరం పోయింది. బస్సు రికార్డులో ఉన్న రోడ్డు మీదనే నడవాలి కనుక వాళ్లు మాట్లాడకుండా మార్గం మార్చారు. నలభై మూడేళ్లు అర్జీలు పెట్టినా రాని బస్సు, అర్జీ లేకుండానే జూలై రెండో వారంలో దొడ్డిచింతలలోకి వచ్చింది. పేరమ్మ దానికి ఎదురు వెళ్లి, ఎక్కి, ఊరు దాటేదాకా పోయి, దిగి, మళ్లీ నడిచి వచ్చింది. ఎందుకమ్మా అంటే "మా అత్త ఉండాల్సింది" అంది.

ఇక్కడితో అయిపోవాలి. మస్తాన్‌వలి కలం తీశాడు కూడా. కానీ గుర్తింపు కార్డు అచ్చు వేసే ముందు ఉపగ్రహం ఇంకోసారి కొలుస్తుంది. ఈసారి దానికి మలుపూ కనబడింది, నిటారు ముక్కా కనబడింది. రెండూ కలిపి అరవై ఒక్క కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు అని పంపింది.

మస్తాన్‌వలి కలం జేబులో పెట్టేశాడు.

"ఇప్పుడు ఎక్కువొచ్చింది అన్నా."

రాజధాని నుంచి వచ్చిన ఉత్తరం మా ఉత్తరాలకంటే ఘాటుగా ఉంది. మంజూరు లేకుండా నాలుగువందల మీటర్ల రోడ్డును కలిగి ఉన్నందుకు డివిజన్ వారు సంజాయిషీ ఇవ్వాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ జిల్లా నుంచి తెచ్చారో, ఆ జిల్లాలో అంతమేరకు తగ్గిందేమో తెలపాలి. ఆదాయానికి మించిన ఆస్తి లాగా రికార్డుకు మించిన రోడ్డు కూడా నేరమే. ఒక ఇంజనీరు జీవితంలో లేని రోడ్డును ఉన్నట్టు చూపడం మామూలే, ఉన్న రోడ్డును లేనట్టు చూపాల్సి రావడం పరబ్రహ్మం గారికి మొదటిసారి.

"తవ్వించెదము" అన్నారు చివరికి. "సదరు నాలుగువందల మీటర్లనూ పెకలించి, నేలను పూర్వస్థితికి తెచ్చెదము. మేస్త్రి! గ్యాంగును తీసుకొనిపొమ్ము."

మాలకొండయ్య కదల్లేదు.

"నేను తవ్వను సార్."

ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు అంతకుముందు. నలభై మూడేళ్లలో ఏ పని చెప్పినా 'సరే సార్' తప్ప అనని మనిషి.

"కారణము?"

"మంచి రోడ్డు సార్. గుంత లేదు. అంబులెన్సులు, లారీలు అన్నీ అటే పోతుండాయి. దాన్ని చెడగొట్టమంటే నా చేతులు రావు." కొంచెం ఆగి అన్నాడు. "ఆ ముక్క ఏసినప్పుడు నా తలకాయి మీద గంప ఎత్తింది వెంగమ్మే. అది కూడా ఆడ కూలికి వచ్చింది. నాలుగువందల మీటర్లు ఇద్దరం మోసినాం. ఆ ముక్క అయిపోయినాకనే మా పెళ్లయింది. మీరు నాకు రిటైర్‌మెంటు ఇయ్యకపోయినా మానెలే సార్."

పరబ్రహ్మం గారు ఉత్తర్వు ధిక్కారానికి మెమో సిద్ధం చేయమన్నారు. నేను టైపు మిషన్ ముందు కూర్చున్నాను. మాలకొండయ్య వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. మిషన్‌లోని కాగితం వైపు చూశాడు. తర్వాత అడిగాడు.

"అయ్యా, సారు ఆ పొద్దు ఒక మాట అన్న్యాడంట గదా. జనం రోడ్డు కాని చోట పోతుండారని."

"అన్నారు. ఫైల్లో కూడా రాశారు. సంతకం పెట్టారు."

"అయితే అది రోడ్డు కాదు గదా?"

"కాదు."

"రోడ్డు కాని దాన్ని రోడ్డు లెక్కలో ఎట్టా కలిపినారు?"

నేను మిషన్ మీద నుంచి చేతులు తీసేశాను. ముప్పై ఏళ్లుగా మెమోలు టైపు చేస్తున్నాను, ఇంత శుద్ధమైన ఆఫీసు ఆలోచన నాకెన్నడూ రాలేదు. రెండు నెలలు మా మధ్య 'అప్పగింత పెండింగు'లో కూర్చున్నందుకు ఆయనకు మా విద్య పట్టుబడింది. ధిక్కారం మెమో చించేసి ఆయన చెప్పినట్టే రాజధానికి జవాబు తయారుచేశాను: "సదరు నాలుగువందల మీటర్ల ప్రదేశము రహదారి కాదని ఇదివరకే నిర్ణయమైయున్నది. రహదారి కాని దానిని రహదారి పొడవులో చేర్చుట ఉపగ్రహము వారి పొరపాటు. రహదారి కానందున పెకలించుటకు అచ్చట రహదారి ఏదియు లేదు."

పరబ్రహ్మం గారు రెండుసార్లు చదివారు. మూడోసారి చదువుతూ చిరునవ్వు నవ్వారు. తన మాటే తనకు ఎదురువచ్చి కాపాడటం ఆయనకు సంతోషం కలిగించింది. పెద్ద సంతకం పెట్టారు.

పది రోజుల్లో రాజధాని ఒప్పుకుంది. ఉపగ్రహాన్ని మందలిస్తూ కూడా ఒక ఉత్తరం పోయిందని విన్నాను, నేను చూడలేదు. ఆగస్టు పదకొండున గుర్తింపు కార్డు వచ్చింది: పొడవు అరవై ఒక్క కిలోమీటర్ల నాలుగువందల మీటర్లు. మస్తాన్‌వలి కార్డును, గడ్డపారలను, గంపలను, రోడ్డును అందుకుని సంతకం పెట్టాడు. పెట్టి, మాలకొండయ్య కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆయన పట్టుకుని లేపాడు. ఈసారి వరండాలో కుర్చీలు వేయలేదు, ఒకే ఉద్యోగికి రెండు వీడ్కోళ్లకు నిబంధన లేదు. మాలకొండయ్య నాకు చెప్పి, గొడ్డలి తీసుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వానాకాలం గట్టిగా వచ్చింది. దొడ్డిచింతల మలుపును మస్తాన్‌వలి కంటికి రెప్పలా చూసుకున్నాడు. నిటారు ముక్క జోలికి మాత్రం పోలేదు, పోకూడదు కూడా. లేని రోడ్డులో గుంత పడిందని రాస్తే, ముందు రోడ్డు ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. లారీలకు ఈ సూక్ష్మం తెలియదు కాబట్టి దాని మీదే తిరిగాయి. నెల రోజుల్లో నడుమ ఎద్దు పడుకునేంత గుంత పడింది.

అక్టోబరులో ఉప్పురేవులో సమీక్షా సమావేశానికి పరబ్రహ్మం గారితో జీపులో వెళ్తున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఇరవై రెండో రాయి దాటాక డ్రైవరు అలవాటుగా ఎడమవైపు, దొడ్డిచింతల మీదుగా తిప్పబోయాడు.

"నిటారుగా పోనిమ్ము. అటు చుట్టు" అన్నారు పరబ్రహ్మం గారు.

పోనిచ్చాడు. సగం దూరంలో దారికి అడ్డంగా ఒక మనిషి వంగి ఉన్నాడు. మాలకొండయ్య. మోకాళ్ల దాకా బురద. పక్కన తలమీద కంకర గంపతో, నెరిసిన జుట్టు ముడివేసుకుని, ఒక ఆమె నిలబడి ఉంది. వాళ్ల ఊరు అక్కడికి దగ్గరే.

జీపు ఆగింది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పరబ్రహ్మం గారు కిటికీ అద్దం కొంచెం దించారు.

"ఇచ్చట ఏమి చేయుచున్నావు?"

"ఊరకనే సార్. కాలక్షేపం."

పరబ్రహ్మం గారు గుంతను చూశారు. సగం పూడి ఉంది. జీపు దాటడానికి ఇంకో రెండు గంపలైనా పడాలి. అది గుంత అని ఆయన ఒప్పుకోలేరు, కాదని జీపు ఒప్పుకోదు. గడియారం చూసుకున్నారు.

"త్వరగా కానిమ్ము. సమావేశమునకు వేళ మించిపోవుచున్నది."

మాలకొండయ్య గంప అందుకుని కుమ్మరించాడు, కాలితో తొక్కి సమం చేశాడు. ఆమె ఇంకో గంప తెచ్చింది. అదీ పోసి, పక్కకు జరిగి, చేత్తో రమ్మన్నాడు. జీపు నెమ్మదిగా ఆ కంకర మీదుగా, ఒక్క కుదుపు కూడా లేకుండా దాటింది. అద్దం పైకి పోతుండగా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఎవురయ్యా ఆ జీపులో పోయింది?"

"ఈడ రోడ్డే లేదని సంతకం పెట్టిన సారు."